గోల్కొండ మెట్లు, ఆఫ్రికా చెట్టు

గోల్కొండని కొండమీద ఎందుకు కట్టారో పుస్తకం చదివితే తెలియలేదండీ, పరుగున ఎక్కితే తెలిసింది. సుమారు 360 మెట్లు. సగానికే నాకు ఆయాసం. శత్రువుకీ అంతేగా! 1687లో ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట లొంగలేదు. చివరికి లోపలివాడే తలుపు తీశాడు. తానాషా బందీ అయ్యాడు, కుతుబ్‌షాహీల రాజ్యం పోయింది.

నయా ఖిల్లాలోని ఏనుగు చెట్టు మాత్రం ఇప్పటికీ చిగురిస్తోంది. ఆఫ్రికా జాతి బావోబాబ్ అది. వయసు 400 ఏళ్ళ పైమాటే అంటారు. వచ్చే నెల పెళ్ళయి దూరదేశం వెళ్ళబోతున్న మా అమ్మాయి దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"పుట్టిల్లు ఎక్కడో! ఇక్కడెంత బాగా వేళ్ళూనుకుందో కదమ్మా!" అంది.

తనకి నేను చెప్పాలనుకున్న మాట అదే.