గంజాం గుంజ

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఏనుగు ఆకారంలో మొరటుగా చెక్కిన కొయ్య గుంజ ఒకటి ఉంది. గంజాం మన్యంలోని బల్లిగుడా నుంచి వచ్చింది. పంటలు పండాలని అక్కడి గిరిజనులైన కోందులు భూదేవికి మనిషిని బలిచ్చే రోజుల్లో, అందుకోసం కొనితెచ్చిన 'మెరియా'ను ఆ ఏనుగు తొండానికి కట్టి గిరగిరా తిప్పేవారు.

ఆ గుంజ సంగతి పుస్తకాలకెక్కించినవారు ఎడ్గార్ థర్‌స్టన్. చదివింది వైద్యం. 1885 నుంచి 1908 దాకా మ్యూజియం సూపరింటెండెంట్. అమరావతి శిల్పాలు, పాత నాణేలు, సముద్ర జీవులు అన్నీ ఆయన అజమాయిషీలోనే ఉండేవి. ఇవి చాలవన్నట్టు మద్రాసు రాజధానిలోని పట్టు నేత మీద 1899లో ఒక పుస్తకం రాశారు. పట్టుకు పేరుపడ్డ బరంపురం అప్పట్లో ఆ రాజధానిలోదే.

గంజాం మన్యంలో చివరి మెరియా బలి 1852లో జరిగిందని, దాన్ని కళ్లారా చూసిన కోందులు తన కాలానికీ బతికే ఉన్నారని థర్‌స్టన్ రాశారు. ఇంకో మాట కూడా రాశారు. బలికి ఉంచినవాళ్లలో దొరలు విడిపించినవారి సంతానంలో పాతికమంది 1901 జనాభా లెక్కల్లో తమను 'మెరియా' అనే రాయించుకున్నారట. చావు తప్పించుకున్న తాతల గుర్తే వాళ్లకు ఇంటిపేరులా మిగిలిందన్నమాట. దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాల ఆయన గ్రంథంలో నాకు మరపురాని వాక్యం ఇదే.

అదే మనిషి కొలబద్దలు పట్టుకుని జనం తలలూ ముక్కులూ కొలిచారు. వయనాడులో పణియ తెగ ఆడవాళ్లు, తమలో చక్కనివాళ్లను చంపి గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడేమోనని హడలిపోయారట. వాళ్ల భయంలో తప్పేముంది? ఆ కొలతల వెనకున్న జాతుల శాస్త్రానికి ఇవాళ విలువ లేదు.

నిలిచినవి స్థానికులు పంపిన వివరాలు. 1909లో కె. రంగాచారి తోడ్పాటుతో వెలువడిన ఆ సంపుటాల్లో సవర తెగ అధ్యాయానికి సమాచారం అందించినవారిలో పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తి ఒకరు. అప్పట్లో పర్లాకిమిడి కూడా గంజాం జిల్లాలోదే. థర్‌స్టన్ చేసిన మంచి పని, తెలిసినవాళ్లను అడగడం. గిడుగు అంతటితో ఆగలేదు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వమే అచ్చువేసింది. అయిదేళ్లకు గంజాంలో చాలా భాగం ఒడిశాలో కలిసింది. పర్లాకిమిడి అటు పోవడం నచ్చని గిడుగు, ఊరు విడిచి రాజమండ్రి చేరారు.