డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: కోర్టులో ‘ఒప్పుకుంటున్నా’ అనే ముందు

కర్నూలు, కడప వైపు ఎవరింట్లోనైనా కుర్రాడు డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికాడంటే మొదట వినిపించే మాట ఒకటే: ‘ఫైన్ కట్టేస్తే అయిపోతుంది లే భాయ్.’ హెల్మెట్ చలానా లాంటిదే ఇదీ అనుకుంటారు. అలా కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లో కొన్ని తప్పులకు అధికారులే అక్కడికక్కడ జరిమానా తీసుకుని ఫైలు మూసేయొచ్చు. ఆ తప్పుల జాబితా సెక్షన్ 200లో ఉంది. తాగి బండి నడపడానికి సంబంధించిన సెక్షన్ 185 ఆ జాబితాలో లేదు. కాబట్టి రోడ్డు మీద ఏ ఎస్సై అయినా ఈ కేసును డబ్బుతో ముగించలేడు. ముగిస్తానని ఎవరైనా అంటే అది లంచమే. కేసు మేజిస్ట్రేట్ ముందుకు పోవాల్సిందే. అక్కడ కట్టే జరిమానా అంటే శిక్ష పడినట్టే లెక్క.

మన ఇళ్లల్లో దీనికి ఇంకో బరువు తోడవుతుంది. తాగుడే హరామ్ అనుకునే ఇంట్లో కొడుకు మీద ఇలాంటి కేసు పడితే ముందు పరువు గుర్తొస్తుంది, చట్టం తర్వాత. మొహల్లాలో తెలియకముందే ముగించాలని, పెద్దలకు చెప్పకుండా, కాగితం చదవకుండా సంతకం పెట్టి వచ్చేస్తారు. ఆరు నెలల తర్వాత లైసెన్సు దగ్గరో, పాస్‌పోర్టు దగ్గరో ఆ సంతకం ఎదురొస్తుంది.

చట్టంలో ఉన్నది

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మించి అనే మాట ముఖ్యం, సరిగ్గా 30 ఉంటే నేరం కాదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటిసారి అయితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి, ఆపైన అయితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘వరకు’ అనే మాట జైలుకే ఉంది, జరిమానాకు లేదు. సవరణకు ముందు అది 2,000 రూపాయల వరకు మాత్రమే ఉండేది. పాత లెక్క గుర్తుపెట్టుకుని కోర్టుకు వచ్చేవాళ్లు ఇక్కడే కంగు తింటారు. పాత చట్టంలో మూడేళ్ల లోపు మళ్లీ దొరికితేనే రెండో నేరంగా లెక్కేసేవారు. ఇప్పుడు ఆ గడువు కూడా తీసేశారు.

గంజాయి, నిద్రమాత్రల వంటి మత్తులో నడిపినా ఇదే సెక్షన్. దానికి అంకె లేదు. బండిని అదుపులో పెట్టలేని స్థితిలో ఉన్నాడని పోలీసులు చూపించాలి.

సెక్షన్ 188 గురించి చాలామందికి తెలియదు. తాగి ఉన్నాడని తెలిసీ తాళం చేతికిచ్చి నడపమన్నవాడికి కూడా అదే శిక్ష. లారీ ఓనర్లు, ఆటో అద్దెకిచ్చేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

మొదటి రెండు గంటలు

కేసులో బలం, బలహీనత ఎక్కువగా ఈ సమయంలోనే తేలిపోతాయి. వకీలు వచ్చేది ఆ తర్వాత. అందుకే వకీలు మొదట అడిగేది ‘ఎంత తాగావు’ అని కాదు, ‘ఎన్ని గంటలకు ఆపారు, ఎన్ని గంటలకు ఊదించారు, ఏ కాగితం ఇచ్చారు’ అని.

సెక్షన్ 203 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, అనుమానానికి తగిన కారణం ఉంటే, ఊదమని అడగవచ్చు. వాడే మిషన్ కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకం అయి ఉండాలి. స్టేషన్‌కు తీసుకెళ్లాక అక్కడ మళ్లీ ఊదే అవకాశం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. సెక్షన్ 202 కింద తన కళ్ల ముందే ఈ నేరం చేసినవాణ్ణి వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కానీ అరెస్టు చేసిన రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టర్‌తో పరీక్ష చేయించాలి, లేకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి. వదిలేశారంటే కేసు పోయినట్టు కాదు, మనిషి బయటికొస్తాడు అంతే. ఈ తేడా తెలియక చాలామంది గెలిచామనుకుంటారు.

ఇది బెయిలబుల్ నేరం. అంటే బెయిల్ హక్కుగా దొరుకుతుంది, ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. ఆస్పత్రిలో ఇన్‌పేషెంటుగా ఉన్నవాణ్ణి ఊదుడు పరీక్ష ఆధారంగా అరెస్టు చేయకూడదు. మహిళ రక్తం తీసేది మగ డాక్టర్ అయితే పక్కన మరో మహిళ ఉండాలి.

‘ఊదకపోతే కేసే ఉండదు’ అని కుర్రాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. ఆ సలహా వినొద్దు. ఊదనంటే అరెస్టు చేయొచ్చు, రక్తం అడగొచ్చు. సరైన కారణం చెప్పలేకపోతే ఆ నిరాకరణనే కోర్టు అతనికి వ్యతిరేకంగా చూడొచ్చని సెక్షన్ 205 చెబుతోంది.

నిజంగా తాగనివాడి సంగతి వేరు. దగ్గు మందు, కొన్ని హోమియో మందులు, మౌత్‌వాష్ వాడిన కొద్ది నిమిషాల్లో ఊదితే నోట్లో మిగిలిన ఆల్కహాల్‌నే మిషన్ చూపించవచ్చు. అది 15, 20 నిమిషాల్లో తగ్గిపోతుంది. అలాంటివాళ్లు గొడవ పెట్టుకోకుండా ఆ మాట అక్కడే చెప్పాలి. కాసేపాగి మళ్లీ ఊదించమని, రక్త పరీక్ష చేయించమని అడగాలి, అడిగినట్టు కాగితం మీద రాయించాలి. మందు చీటీ, బిల్లు దాచుకోవాలి. మూడు నెలల తర్వాత కోర్టులో తొలిసారి ‘సిరప్ తాగాను సార్’ అంటే ఎవరూ నమ్మరు.

తాగిన రాత్రి నిద్రపోయి తెల్లారి బండెక్కేవాళ్లకు ఒక లెక్క. శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గిస్తుంది. రాత్రి 11 గంటలకు 120 ఉన్నవాడికి తెల్లవారి 4 గంటలకు ఇంకా 45 దాకా ఉంటుంది. నిమ్మరసం, మజ్జిగ, టీ దీన్ని మార్చవు. కర్నూలు, నంద్యాల, కడప మీదుగా చిత్తూరు పోయే 40వ నంబర్ హైవే మీద తెల్లవారుజామున లోడుతో బయల్దేరే డ్రైవర్లకు ఇది ప్రాణానికి సంబంధించిన లెక్క.

వకీలు దేన్ని పట్టుకుంటాడు

మంచి వకీలు కేసును మాయం చేయడు. నిరూపించాల్సిన భారం పోలీసుల మీదుంది కాబట్టి, వాళ్ల కాగితాలు నిలుస్తాయా అని చూస్తాడు. మిషన్ ప్రింటౌట్‌లో పేరు, తేదీ, సమయం, సీరియల్ నంబర్ సరిపోతున్నాయా? దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు, సర్టిఫికెట్ ఉందా? పరీక్ష సమయం, అరెస్టు సమయం, డాక్టర్ రాసిన సమయం ఒకదానికొకటి కుదురుతున్నాయా? అసలు ఆ మనిషి బండి నడుపుతున్నాడా, నడపబోయాడా, లేక ఆపి ఉన్న బండిలో కూర్చున్నాడా? రక్తం తీసేముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచారా? సీసాకు సీలు ఉందా, ల్యాబ్‌కు ఎన్ని రోజులకు చేరింది? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే.

సుప్రీంకోర్టు తీర్పుల్లో వకీళ్లు తరచూ ఎత్తేది బచూభాయి హసనల్లీ కర్యానీ కేసు. నోట్లో వాసన, తూలే నడక, తడబడే మాట, పెద్దవైన కంటిపాపలు ఉన్నంత మాత్రాన తాగాడని తేల్చలేమని, రక్తం లేదా మూత్రం పరీక్ష చేయలేదని 1971లో రిపోర్టయిన ఆ తీర్పు చెప్పింది. ఇది మంచి ఆయుధమే, అయితే అన్ని కేసుల్లోనూ తెగదు. ఆ కేసు పాత 1939 చట్టం నాటిది. ఇప్పటి చట్టంలో ఊదుడు పరీక్ష ఫలితాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని స్పష్టంగా రాసి ఉంది. మిషన్ రీడింగ్ 150 చూపిస్తుంటే ఈ తీర్పు కాగితం చేతికిచ్చి ఫీజు తీసుకునే వకీలుతో జాగ్రత్త. కేవలం డాక్టర్ కంటిచూపు మీద నిలబడిన కేసులోనే అది బలంగా పనిచేస్తుంది.

నడిపినవాడి బదులు ఇంకొకణ్ణి ముందుకు తోయడం మాత్రం డిఫెన్స్ కాదు. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది. ఆరు నెలల కేసు నుంచి తప్పించుకోబోయి ఏడేళ్ల కేసులో పడటం అన్నమాట. 1999 జనవరి 10న ఢిల్లీ లోధీ కాలనీలో బీఎండబ్ల్యూ కారు గుద్ది ముగ్గురు పోలీసులతో సహా ఆరుగురు చనిపోయిన కేసు ఇందుకు పెద్ద గుణపాఠం. సాక్షిని తిప్పే ప్రయత్నం టీవీ స్టింగ్‌లో బయటపడింది. పేరున్న డిఫెన్స్ లాయర్ ఆర్.కె.ఆనంద్ కోర్టు ధిక్కారానికి పాల్పడ్డారని ఢిల్లీ హైకోర్టు 2008లో తేలిస్తే, 2009లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఒప్పుకోవాలా, పోరాడాలా

ఎక్కువ కేసుల్లో రీడింగ్ స్పష్టంగా ఉంటుంది, మనిషి నిజంగానే తాగి ఉంటాడు. అప్పుడు ఒప్పుకోవడం తప్పేమీ కాదు. తెలిసి ఒప్పుకోవాలి, అంతే. మేజిస్ట్రేట్ ఆరోపణ చదివి వినిపించి అడుగుతారు. ‘అవును’ అంటే ఆ మాటను వీలైనంత వరకు అతని మాటల్లోనే రాసుకుని శిక్ష వేయవచ్చు. ఆ తర్వాత ‘నేను తాగలేదు’ అని అప్పీలుకు పోలేం. శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో మాత్రమే అడగగలం. సమ్మరీ విచారణ అయితే జైలు 3 నెలలు దాటకూడదు.

వకీలు ఎక్కువగా ఉపయోగపడేది శిక్ష దగ్గరే. మొదటి తప్పు, వయసు, కుటుంబం ఆధారపడిన తీరు, ఎవరికీ గాయం కాలేదన్న సంగతి కోర్టు ముందు పెట్టాలి. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో సెక్షన్ 3 కింద మందలించి, సెక్షన్ 4 కింద మంచి నడవడిక బాండు మీద వదిలే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది. అదే చట్టం సెక్షన్ 12, అలా వదిలినవాడికి శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటకుండా కాపాడుతుంది. ఉద్యోగాల కోసం తిరిగే కుర్రాడికి పదివేలు మిగలడం కంటే ఇది పెద్ద సంగతి. అడిగితే ఇచ్చి తీరాలని లేదు, కానీ అడగకపోతే ఆ ఊసే రాదు.

లోక్ అదాలత్‌లో ‘రాజీ’ అయిపోతుందనే ప్రచారం ఒకటుంది. రాజీకి వీల్లేని నేరాల మీద లోక్ అదాలత్‌కు అధికారం లేదని 1987 చట్టమే చెబుతోంది. ఆ రోజు పిలిపించి సంతకం పెట్టమంటే, అది నేరం ఒప్పుకునే కాగితమా అని చదివి చూసుకోవాలి.

లైసెన్సు, పాస్‌పోర్టు, బండి

కోర్టు శిక్ష ఒక దారి, లైసెన్సు ఇంకో దారి. సెక్షన్ 206 కింద పోలీసులు లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపుతారు, రసీదు ఇస్తారు. ఆ రసీదుతో బండి నడపకూడదు. మొదటిసారి 3 నెలలు సస్పెన్షన్, మళ్లీ దొరికితే రద్దు. ఆ ఉత్తర్వుకు ముందు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ నోటీసును పట్టించుకోకపోవడమే డ్రైవర్లు చేసే పెద్ద పొరపాటు. మూడు నెలలు స్టీరింగ్ పట్టకపోతే ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది లైసెన్సు అధికారి ముందే చెప్పుకోవాలి.

కువైట్, సౌదీ పోవాలనుకునే కడప, రాయచోటి వైపు కుర్రాళ్లకు పెండింగ్ కేసే అసలు అడ్డంకి. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6 చెబుతుంది. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, కేసు ఉన్న కోర్టు నుంచి అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. దరఖాస్తులో కేసు దాచిపెడితే అదే కొత్త తంటా.

బండి విషయంలో 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది పనికొస్తుంది. తాగి నడిపాడన్న కారణంతో బండిని స్వాధీనం చేసుకుని ఉంచే అధికారం పోలీసులకు లేదని, తాగని లైసెన్సుదారు పక్కనుంటే అతనికివ్వాలని, లేదంటే బంధువును పిలిపించాలని, ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా స్టేషన్‌లో పెట్టాలని ఆదేశించింది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు ఉంది కాబట్టి ఆ తీర్పు ఇక్కడి కోర్టులను కట్టిపడేయదు. అయినా మన వకీళ్లు దాన్ని చూపించి వాదించవచ్చు.

మనిషి పోతే కేసు మారిపోతుంది

ఇంతవరకు చెప్పిందంతా ఎవరికీ ఏమీ కాని కేసు. ప్రమాదం జరిగితే అది వేరే ప్రపంచం. నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే న్యాయ సంహిత సెక్షన్ 106 కింద 5 ఏళ్ల వరకు జైలు. తాగి నడిపాడంటే సెక్షన్ 105, అంటే హత్య కాని నరహత్య పెట్టే వీలుంది. ముంబైలో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్నవారిని తొక్కించిన అలిస్టర్ పరేరాకు నరహత్య సెక్షన్ కిందే 3 ఏళ్ల జైలును 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసులోనూ అదే ఏడాది అదే సెక్షన్‌ను పునరుద్ధరించింది. ఇన్సూరెన్సు వైపు కూడా దెబ్బే. తాగి నడిపితే సొంత బండి నష్టానికి కంపెనీ డబ్బు ఇవ్వనక్కర్లేదని, ఊదుడు పరీక్ష లేకపోయినా పరిస్థితులను బట్టి తేల్చవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అంతకుముందు అదే రోడ్డు మీద పడిపోయిన బైకును బస్సు ఈడ్చుకుపోయింది. ఆ బైకు నడిపిన యువకుడు కూడా చనిపోయాడు, మద్యం తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలినట్టు పోలీసులు ప్రకటించారు. బస్సు వైపు లోపాలు వేరే విచారణ. కానీ ‘బైకే కదా, ఊళ్లోనే కదా’ అనే మాటకు ఇక విలువ లేదు.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు కర్నూలు, కడప జిల్లా కోర్టుల ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు. కస్టడీలో ఉన్నవాళ్లకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. వెళ్లేటప్పుడు ప్రింటౌట్, లైసెన్సు రసీదు, సమన్లు, ఆస్పత్రి కాగితం ఉంటే అదీ, అన్నీ తీసుకెళ్లాలి.