కొలువు పోయినా ఉద్యోగం పోదు

“ఉద్యోగం పురుష లక్షణం” అన్నారు మన పెద్దలు. “అది పోతే అవలక్షణం” అని ఎవరో కొంటెవాడు దానికి తోక తగిలించాడు. పదిమందీ కూర్చున్నచోట నవ్వుకొనే మాటే. కాని నిజంగా ఉద్యోగం పోయిన ఇంట్లో ఆ మాటకు ఎవరూ నవ్వరు.

పండుగపూట ఈ ప్రస్తావన ఎందుకని కొందరు అడగవచ్చు. మన కుటుంబాల కథలు చెప్పుకొనేటప్పుడు వచ్చిన ఉద్యోగాలు, కొన్న ఇళ్ళు, పిల్లల పట్టాలు అన్నీ చెప్పుకొంటాము. పోయిన ఉద్యోగాల మాట మాత్రం దాటవేస్తాము. ఈ గడ్డమీద పుట్టి పెరిగిన మన పిల్లలకు, మనుమలకు ఆ కథ కూడ తెలియాలని మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

టొరంటో విమానాశ్రయంలో దిగిన మన కుటుంబాలన్నీ మొట్టమొదట మాల్టన్ నేలమీద కాలు మోపినవే. ఆ విమానాశ్రయం ప్రక్కనే ఒకప్పుడు ఆవ్రో కంపెనీవారి కర్మాగారం ఉండేది. ధ్వనికంటె వేగంగా పోయే ‘యారో’ అనే యుద్ధవిమానాన్ని అక్కడ తయారుచేశారు. 1958 మార్చి 25న అది మొదటిసారి ఎగిరింది. ఏడాదైనా తిరగకుండానే, 1959 ఫిబ్రవరి 20వ తేది శుక్రవారంనాడు, ఖర్చు భరించలేమని, క్షిపణుల కాలం వచ్చిందని చెప్పి ప్రధానమంత్రి డీఫెన్‌బేకర్ పార్లమెంటులో ఆ పథకాన్ని రద్దుచేశారు. ఆ సాయంత్రమే కర్మాగారంలోని లౌడ్‌స్పీకర్లలో కబురు వినిపించింది. సుమారు 14,000 మందికి ఒక్క పూటలో పని పోయింది. తయారైన విమానాలను సైతం ముక్కలుగా కోయించారు. కెనడావారు ఆ రోజును నేటికీ ‘బ్లాక్ ఫ్రైడే’ అంటారు.

తరువాత ఏమైంది? అమెరికాలో అప్పుడే పుట్టిన నాసా సంస్థ ఆవ్రో ఇంజనీర్లలో 32 మందిని తీసుకొన్నది. వారిలో జిమ్ చేంబర్లిన్ జెమినీ వ్యోమనౌక రూపకల్పనకు నాయకుడైనాడు. ఓవెన్ మేనార్డ్ చంద్రునిపై దిగిన వాహనం రూపకల్పనలో ముఖ్యుడైనాడు. కూలిన కొలువునుండి పదేళ్ళలో చంద్రుని దాకా వెళ్ళారన్నమాట.

కాని అందరికీ చంద్రుడు అందడు. యారోను తొలిసారి నడిపిన పైలట్ జాన్ జురకోవ్‌స్కీ పోలెండునుండి వచ్చిన వలసదారు. ఆయన అంటారియోలోని బారీస్ బే అనే చిన్న ఊరికి పోయి, చెరువుగట్టున విడిది గృహాలు కట్టుకొని, వేసవి యాత్రికులకు ఆతిథ్యమిస్తూ గౌరవంగా బ్రతికాడు. మా దృష్టిలో చేంబర్లిన్‌ది ఎంత విజయమో ఆయనదీ అంతే విజయము.

పరాయిదేశంలో పని పోవడం తెలుగువారికి కెనడాలోనే ఎదురైన అనుభవం కాదు. కాకినాడ ప్రక్కనున్న కోరంగి రేవునుండి మనవాళ్ళు వేలాదిగా ‘రంగం’ పోయేవారు. రంగమంటే బర్మాలోని రంగూన్ నగరము. అక్కడి ఓడరేవులో బరువులు మోసింది చాలవరకు తెలుగు కూలీలే. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి రాగానే బర్మావారిని పొమ్మన్నారు. మే 26న అల్లర్లు చెలరేగాయి. వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మనవాళ్ళే. పని ఒక్కటి, ఆకలిగొన్న చేతులు రెండు జతలు. పని పోయినవానికి పూటకూడు చూపే చట్టం ఏదీ లేకపోతే ఏమౌతుందో రంగం రేవు చెప్పింది.

ఆ రోజుల్లో కెనడా కూడ అంత మెరుగుగా ఏమీ లేదు. పనిలేని పడుచువాళ్ళను రోజుకు 20 సెంట్ల బత్తెంమీద సహాయ శిబిరాల్లో ఉంచేవారు. 1935లో వారు గూడ్సు బండ్లెక్కి ఒట్టావాకు బయలుదేరితే రెజైనాలో అడ్డగించి చెదరగొట్టారు. అంత కష్టం అనుభవించిన పిమ్మట, 1940లో రాజ్యాంగాన్నే సవరించుకొని ఈ దేశం నిరుద్యోగ బీమా చట్టం తెచ్చుకొన్నది. 1996నుండి దాని పేరు ఉద్యోగ బీమా అయింది. మనవాళ్ళలో కొందరు ఇప్పటికీ ఆ డబ్బు పుచ్చుకోవడం నామోషీ అనుకొంటారు. అది భిక్ష కాదు. మన జీతంలోనుంచి నెలనెలా కోసి జమకట్టినదే.

1967లో పాయింట్ల పద్ధతి వచ్చిన తరువాతనే మన కుటుంబాలు ఈ దేశానికి ఎక్కువగా రాసాగాయి. చదువును చూచి రానిచ్చారు. వచ్చాక “కెనడా అనుభవం ఉందా?” అని అడిగారు. ఉద్యోగమిస్తేగదా అనుభవం! అంటారియోలో ఇంజనీర్ల లైసెన్సుకు ఆ నిబంధన తొలగింది 2023లోనే. ఎట్లాగో కుదురుకొన్నామనుకొనే వేళకు 1981 ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ కెనడా వడ్డీ రేటు 21 శాతం దాటింది. మరుసటి ఏడాది చివరకు నిరుద్యోగం 12 శాతం దాటింది. ఇంటి అప్పు మెడమీద ఉండగా పని పోయిన కుటుంబాలు మాలోనూ ఉన్నాయి. ఇరుగుపొరుగుకు తెలియకూడదని ప్రొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని బయలుదేరి, సాయంత్రందాకా పబ్లిక్ లైబ్రరీలో కూర్చొని వచ్చిన రోజులు మాకు గుర్తున్నాయి. ఇండియాకు వ్రాసే ఉత్తరాల్లో “మేమంతా క్షేమము” అనే వ్రాశాము. పని పోయినందుకు పడిన బాధకంటె, దాచినందుకు పడిన బాధ ఎక్కువ.

తరువాతి తరానికి నోర్‌టెల్ రూపంలో అదే పరీక్ష వచ్చింది. 2000 సంవత్సరంలో ఆ కంపెనీలో ప్రపంచమంతటా 90,000 మందికి పైగా పనిచేసేవారు. టొరంటో స్టాక్ ఎక్స్చేంజి సూచీ విలువలో మూడోవంతు దానిదే. 124 డాలర్లు పలికిన షేరు రెండేళ్ళలో ఒక డాలరుకంటె క్రిందికి పడింది. 2009 జనవరి 14న కంపెనీ దివాలా రక్షణ కోరింది. కొందరికి రావలసిన పరిహారం చేతికి రాలేదు. ఆస్తుల పంపకం తేలేసరికి 2017 వచ్చింది. అయినా ఆ విద్య ఒట్టావా వదలి పోలేదు. 2010లో సియెనా కంపెనీ నోర్‌టెల్ ఆప్టికల్ విభాగాన్ని కొన్నది. పేరుపలక మారినా అదే ఊళ్ళో, అదే పని సాగింది.

ఇంతకూ ‘ఉద్యోగం’ అంటే ఏమిటి? సంస్కృతంలో ఆ మాటకు నౌకరీ అని అర్థం లేదు. ప్రయత్నం, పూనిక అని అర్థం. భారతంలో పాండవులు రాజ్యం పోగొట్టుకొన్నారు. విరాటుని కొలువులో భీముడు వంట చేశాడు, అర్జునుడు నాట్యం నేర్పాడు, నకులుడు గుర్రాలను, సహదేవుడు ఆవులను సాకారు. ఎవరూ అది తమకు తక్కువ అనుకోలేదు. చేతనైన మరో విద్యతో ఏడాది గడిపారు. దాని తరువాత వచ్చేదే ఉద్యోగ పర్వం. పెద్దలు పురుష లక్షణమన్నది ఆ ఉద్యోగాన్ని. అది ఆడవారికీ మగవారికీ సమానమే. యజమాని ఇచ్చే కాగితంతో అది వచ్చేదీ కాదు, పోయేదీ కాదు.

కనుక చిన్నవారికి మా మనవి ఇది. పని పోయిననాడే ఇంట్లో చెప్పండి. ఆ వారంలోనే బీమాకు దరఖాస్తు పెట్టండి. పరిహారం కాగితాలమీద తొందరపడి సంతకం చేయవద్దు. తెలిసినవారికి చూపించండి. పెద్దవారికి మరో మనవి. పండుగలో కనిపించిన కుర్రవాణ్ణి “ఎక్కడ పనిచేస్తున్నావు నాయనా?” అని అడిగేముందు, “ఎట్లా ఉన్నావు?” అని అడుగుదాము. అతడు నిజం చెప్పుకొనేందుకు మన మధ్య కొంచెం చోటు ఉంచుదాము.