భాగ్యనగరపు చెఱువులు

పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము - ఈ యేడింటిని మన పూర్వులు సప్తసంతానములనిరి. కన్నబిడ్డ సరసన చెఱువును నిలుపుటలోని భావమును మనము సగమే గ్రహించితిమని మాకు తోచుచుండును. చెఱువు త్రవ్వించినవానికి పుణ్యము గలదను మాట అందఱు నెఱుగుదురు. కాని బిడ్డను కన్నంతమాత్రమున తండ్రి పని తీఱదు గదా! పెంచవలెను, కాచుకొనవలెను, వ్యాధి తగిలినపుడు మందిప్పింపవలెను. చెఱువునకును ఇదంతయు కావలెను. కట్టించిన పుణ్యము ఒక్కనిది. కాపాడు భారము తరతరములది. ఈ రెండవ ధర్మమును మఱచిన నగరమున కేమి మూడునో హైదరాబాదు చరిత్ర తేటతెల్లముగా చెప్పుచున్నది.

గడచిన సెలవులలో మా పాఠశాల విద్యార్థులు కొందఱితో గూడి మేమా నగరము చుట్టునున్న జలాశయములను చూచివచ్చితిమి. హుస్సేనుసాగరము కట్టమీద నిలిచియుండగా ఒక బాలుడు "సార్, ఇది దేవుడు చేసిన చెఱువా, మనుష్యులు చేసినదా?" యని యడిగెను. తక్కినవారు నవ్విరి గాని ప్రశ్న నవ్వదగినది కాదు. దక్కను పీఠభూమిలో తమంతట తామేర్పడిన సరస్సులు మిక్కిలి యరుదు. వాన నాలుగు నెలలు, దాహము పండ్రెండు నెలలు, నేల ఱాతినేల. అందుచే పెద్దలు పల్లమున కడ్డముగా కట్ట వేసిరి, తూము పెట్టిరి, మిగులునీరు పోవుటకు అలుగు విడిచిరి, ఆ యలుగునీరు క్రింది చెఱువునకు చేరునట్లు కాలువ దీసిరి. ఇట్లు చెఱువు వెంట చెఱువుగా గొలుసుకట్టు ఏర్పడినది. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరము చెఱువులు ఈ విద్యకే నిదర్శనములు. గోలకొండ సుల్తానులు ఆ విద్యను విడువక కొనసాగించిరి.

హుస్సేనుసాగరము 1562 ప్రాంతమున ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో వెలసినది. తెలుగువారు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఇతడే; అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమిచ్చినదియు నీతనికే. చెఱువుపని నడిపించినవాడు హుస్సేన్ షా వలీ. ప్రభువు తన పేరు పెట్టదలచెననియు, ప్రజలు మాత్రము దగ్గఱనుండి పని చేయించినవాని పేరే నిలిపిరనియు చెప్పుకొందురు. మహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదు నగరమునకు పునాది వేసినది 1591లో. అనగా నగరముకంటె చెఱువే సుమారు ముప్పదియేండ్లు పెద్దది. మూసీనది నుండి బల్కాపురము కాలువ ద్వారా దీనికి నీరు వచ్చెడిది. 1930 ప్రాంతము వఱకు నగరవాసులు ఈ నీటిని త్రాగిరి.

పిమ్మట కూకటుపల్లి నాలా వెంబడి కర్మాగారముల మలినమును, పేటల మురుగును ఇందు చేరసాగెను. చెఱువు నడుమ ఏకశిలా బుద్ధమూర్తి నిలిచియున్నాడు. 1990 మార్చి 10వ తేదిన తరలించుచుండగా ఆ విగ్రహము నీట మునిగి యెనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. 1992 డిసెంబరు 1వ తేదిన దానిని మరల పైకెత్తి నిలిపిరి. ఆ కరుణామూర్తి యెదుట నేడు ముక్కు మూసికొని నిలువవలసిన దినములు గలవు. భాద్రపదమున వినాయకుని సాగనంపుట మన యింటి పండుగ. మట్టిని మూర్తిగా చేసి, పూజించి, మరల మట్టిని నీటిలో గలుపుటయే ఆ యాచారములోని యందము. కరుగని ప్లాస్టరును, విషపు రంగులను చెఱువులో విడిచి భక్తి యనుకొనుట ఆచారమును పాటించుట గాదు, చెఱచుట.

మన పూర్వులకు చెఱువుకట్ట వేయుట గ్రుడ్డిపని గాదు, శాస్త్రము. కడప మండలమందలి పోరుమామిళ్ల శాసనము దీనికి సాక్షి. 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచ్చట గొప్ప చెఱువు కట్టించెను. దినమునకు వేయిమంది పనివారును, నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసిరని శాసనము చెప్పును. చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పించుకొనవలసిన ఆఱు దోషములను ఆ శాసనకర్త లెక్కించెను. కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల యెల్లపై నుండుట, గర్భములో తాబేటి వీపువలె మెట్ట యుండుట, నీరు కొంచెమై నేల విస్తారమగుట - ఇవి యైదు. నీరు హెచ్చై చోటు చాలకుండుట ఆఱవది. ఈ యాఱవ దోషమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి.

శాస్త్రముతోపాటు కాపుదలయు నుండెను. చెఱువు మరమ్మతునకై దశబంధము మాన్యములు విడిచిరి. తూము తెఱచి మూయుటకు, వంతుల ప్రకారము నీరు పంచుటకు ఊరూర నీరటికాడుండెను. నీరటికి గింజలు కొలిచి యిచ్చిన రైతు తన పంటనే కాచుకొన్నవాడు.

హుస్సేనుసాగరము నుండి మేము మీరాలము చెఱువునకు పోయితిమి. మూడవ నిజాము సికిందరు జాహి దివాను మీర్ ఆలము పేర 19వ శతాబ్ది తొలి యేండ్లలో వెలసిన దిది. దీని కట్ట తిన్నని గోడ గాదు. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులు నీటివైపు ఱొమ్ము విఱిచి వరుసగా నిలిచినవి. నీటి యొత్తిడిని కమాను తాను ఒంటిగా మోయక ఇరుప్రక్కల స్తంభములకు పంచును. ఒక్కొక్క కమాను ప్రక్కదానికి ఊతము. రెండువందల యేండ్లు దాటినను ఆ వరుస చెక్కుచెదరలేదు. పిల్లలు కమానులు లెక్కపెట్టుచుండగా మేము ఊరుమ్మడి యనుమాటకు ఇంతకంటె మంచి బొమ్మ యేది యనుకొంటిమి.

ఈ యూరుమ్మడి తప్పినపు డేమగునో 1908 సెప్టెంబరు 28వ తేదిన తేలినది. అనంతగిరి కొండలలో పుట్టి నగరము నడుమగా పాఱు మూసీ ఆనాడు గట్లు దాటి సుమారు పదునైదువేల మందిని పొట్టన పెట్టుకొన్నది. అఫ్జలుగంజు దవాఖానా తోటలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని గౌరవము పొందుచున్నది. 1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. నదికి ఎగువనున్న పరీవాహకములో 788 చిన్న చెఱువులుండగా వానిలో 221 తెగినవని ఆయన కనుగొనెను. ఆకాశమునుండి పడిన నీటికి ఈ తెగిన చెఱువుల నీరు తోడై నగరముపై బడినది! నిండి, అలుగు చాలక, మీది చెఱువు తెగినచో దాని నీరు క్రింది చెఱువును తెంపును. గొలుసు రక్షించునపుడెంత బలమో, తెగునపుడంత ప్రమాదము.

విశ్వేశ్వరయ్యగారి సూచన సులభము: నగరమునకు ఎగువనే వరద నిలుచుటకు చోటు చూపుట. ఆ ప్రకారము మూసీమీద ఉస్మానుసాగరము 1920లోను, ఈసీమీద హిమాయతుసాగరము 1927లోను పూర్తియైనవి. మొదటిదానిని జనులు గండిపేట చెఱువందురు. వరదను పట్టియుంచిన ఆ నీరే నగరమునకు త్రాగునీరైనది. మృత్యువుగా వచ్చినదానిని ముంతలోని నీరుగా మార్చిన పని యిది. గండిపేట కట్టమీద సాయంకాలపు గాలిలో నిలిచి మా పిల్లలు కొంతసేపు మాటలు మఱచిరి.

ఈ రెండు జలాశయముల కాపుదలకై 1996లో 111వ సంఖ్య గల ప్రభుత్వోత్తర్వు వెలువడినది. చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కర్మాగారములను పెద్ద కట్టడములను అది నిషేధించెను. నగరము త్రాగుటకై తమ భూములకు సంకెల వేసిరని ఆ గ్రామములవారు పలుమాఱు మొఱపెట్టుకొనిరి. దానిని దురాశ యని తోసివేయుట న్యాయము గాదు. దశబంధము నాడు చెఱువు కాచినవానికి మాన్యముండెను. ఈనాడు కాచుమని శాసించితిమి గాని కాచినందులకు ప్రతిఫల మేమిచ్చితిమి? 2022లో 69వ సంఖ్య గల యుత్తర్వు ఆ నిషేధములను తొలగించెను. మంజీర 1965లో, కృష్ణ 2004లో, గోదావరి 2015లో నగరమునకు వచ్చినవి గనుక ఈ జలాశయముల యవసరము తగ్గినదని చెప్పబడినది. కాని యివి త్రాగునీటికొక్కదానికే పుట్టినవా? 1908 వరద వీనికి తల్లి. నూఱు కిలోమీటర్లకు మించిన దూరము నుండి కొట్టపుగొట్టముల ద్వారా నీరు తెచ్చుకొనవచ్చును. ఇంటి మీదికి వచ్చు వరదను అంతదూరము పంపివేయజాలము.

తిరుగుదారిలో మాసాబు ట్యాంకు మీదుగా వచ్చితిమి. బాలుడు కిటికీలోనుండి వెదకి "ట్యాంకేది సార్?" యనెను. పేరు మిగిలినది, చెఱువు మిగులలేదు. ఇట్టి పేర్లు నగరమందు పెక్కులు గలవు. శిఖము భూములు ఇండ్లస్థలములైనవి. అలుగు కాలువలు సందులైనవి. 2020 అక్టోబరు వానలకు పల్లెచెఱువు, బాలాపురపు గుఱ్ఱముచెఱువు కట్టలు తెగి పేటలు మునిగినవి. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయముల తలుపులెత్తగా మూసీ పొంగి నగరపు పెద్ద బస్సుస్టేషను నీటిపాలైనది. నీరు తన పాతదారి మఱువలేదు, మఱచినది మనము.

పోరుమామిళ్ల శాసనకర్త చెప్పిన ఆఱవ దోషము ఇదియే. నీరు హెచ్చు, చోటు తక్కువ. ఆనాడు అది స్థలము నెన్నుకొనునప్పుడు తప్పించుకొనవలసిన దోషము. మంచిస్థలమున కట్టిన చెఱువునకు దానిని మన చేతులతో కలిగించితిమి. వాన పెరుగనక్కఱలేదు, చోటు తఱిగినచో పాతవానయే వరద యగును.

ప్రభుత్వములు చేయవలసినది చాల గలదు. అది చేయునట్లు అడుగువారు గృహస్థులే గదా! ఇల్లు కొనునపుడు మనము దిక్కులు చూతుము, వాస్తు చూతుము, గడియ చూతుము. ఈ నేల పూర్వమేమి, శిఖమా, కాలువా యని యడుగువారెందఱు? మన డాబామీద పడిన వాన ఏ దారిని ఏ చెఱువునకు పోవుచున్నదో మన పిల్లలకు చెప్పగలమా? పాఠశాల తెఱచిన పిదప మేము విద్యార్థుల నీ ప్రశ్నయే అడిగితిమి. తమ పేట చెఱువు పేరు చెప్పగలిగినవారు నలుగురే. తక్కినవారిని ఇంటి పెద్దల నడిగి రమ్మంటిమి. ఈ వ్యాసము వ్రాయునప్పటికి సగముమంది జవాబు తెచ్చిరి. మిగిలినవారి యిండ్లలో పెద్దలకును తెలియదట. ఆ యిండ్లవారు ఒక యాదివారము పిల్లలను వెంటబెట్టుకొని పోయి ఆ చెఱువును వెదకి చూచుట మేలు.