మాటలు తీసేస్తే బాణీ

పెనుమూడిలో కృష్ణ దాటితే పులిగడ్డ. ఏ ఒడ్డునైనా పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం క్లారినెట్ మీద సినిమా పాట ఎత్తుకుంటే, జనం పల్లవి లోలోపలే పాడేసుకుంటారు. అదే జనానికి 1971 నాటి మహావిష్ణు ఆర్కెస్ట్రా రికార్డు వినిపించండి. "పాడేవాళ్ళెప్పుడొస్తారు?" అంటారు. రారు. 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్'లో గాయకుడే లేడు. గిటారు, వయొలిన్, కీబోర్డు, బాస్, డ్రమ్స్, అంతే.

ఇలాంటి మాటల్లేని సంగీతాన్ని తెలుగులో ఏమనాలి? 'వాద్య సంగీతం' అంటే రేడియో ప్రకటనలా ఉంటుంది. దీనికి దగ్గరదైన ప్రోగ్రెసివ్ రాక్‌ని 'ప్రగతిశీల రాక్' అంటే అభ్యుదయ రచయితల మహాసభ గుర్తొస్తుంది. నా ఓటు 'బాణీ'కి.

బాణీ 'వాణి'కి మారు రూపం. వాణి అంటే పలుకు. మాటల్లేని సంగీతానికి పలుకు పేరేమిటని అడగొచ్చు. వేదభాషలో వాణికి సంగీతమనే అర్థం కూడా ఉంది. దాని చుట్టమైన 'వాణం' నూరు తీగల వాద్యం. ధ్రుపదంలో డాగర్ బాణీ అంటే పాడే తీరు. వీణ ధనమ్మాళ్ బాణీ అంటే మీటే తీరు కూడా. మన సినిమావాళ్ళకి బాణీ అంటే వరస. ముందు బాణీ కడతారు, కవి తరవాత మాటలు కూరుస్తాడు. ఆ మాటలు తీసేసినా మిగిలేది బాణీయే.

'పాతబాణీ' కూడా ఉంది మనకి. ఆ కాలపు రికార్డుల వింటేజ్ సౌండ్‌కి అది సరిపోతుందా? అక్కడ పాతది వరస కాదు, ధ్వని. వాల్వు యాంప్లిఫయర్‌ని గట్టిగా పెంచితే గిటారు స్వరాన్ని కాస్త చీలుస్తుంది. మెలోట్రాన్‌లో ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క. నొక్కితే అందులో రికార్డు చేసిన వయొలిన్లు పలుకుతాయి, ఎనిమిది సెకన్లకి టేపు అయిపోతుంది. ఆ గడువులోనే వాయించాలి. బాణీ అంటే వాయించే తీరు కనుక, పనిముట్టు పెట్టే ఇలాంటి నిబంధనలూ అందులో భాగమే. సరిపోతుందనే అంటాను.

బాణీ అన్న మాటకి నిలువెత్తు సాక్ష్యం పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లాడు తీగ మీద పలికించాడు. వాణి బాణీ అయింది అక్కడే. జంట తీగల మాండలిన్ వదిలి, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. గమకం అందులో ఒదిగింది. తరవాత మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపిన జాన్ మెక్‌లాఫ్లిన్‌తోనే 'రిమెంబర్ శక్తి'లో జాజ్ వేదికలెక్కాడు.

కొత్తగా వినేవాళ్ళు 1971 రికార్డుతో మొదలుపెట్టక్కర్లేదు. 2000లో వచ్చిన రిమెంబర్ శక్తి రికార్డు 'ది బిలీవర్' ముందు వినండి. మాండలిన్ వెంట వెళ్తే గిటారు దానంతటదే అర్థమవుతుంది.