మూలగణితమున రెండవ ఫలము

క్రీ.శ. 9వ శతాబ్దిని, రాష్ట్రకూటచక్రవర్తి యగు నమోఘవర్షనృపతుంగుని కాలమున, మహావీరాచార్యుఁడు కన్నడసీమయందు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. దానినే పావులూరి మల్లన తెనుఁగు పద్యములుగా నొనర్చెను. మల్లన కాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు గలవు. అతఁడు మక్కికి మక్కిగాఁ దెనిఁగింపక యుదాహరణములను మార్చెననుట మాత్రము స్పష్టము.

మహావీరుని గ్రంథమున నొంటెల లెక్క యొకటి గలదు. మందలో నాలవవంతు అడవిలోను, మందసంఖ్యయొక్క వర్గమూలమునకు రెట్టింపు కొండచఱియలందును, 15 నదీతీరమునను గానవచ్చెను, మంద యెంత? కన్నడసీమకుఁ బొరుగైన మదనపల్లె, పుంగనూరు, కుప్పముల బాలురకు నొంటెతో నేమి పని? అచ్చటఁ బ్రసిద్ధి పుంగనూరు పొట్టియావులది. మల్లన త్రోవనే నడచి, నాలవవంతు ఆవులను బుంగనూరునను, మూలమునకు రెట్టింపు మదనపల్లెయందును, 15 ఆవులను గుప్పమునను నిలుపవచ్చును.

మహావీరుని విధి యిది. మూలగుణకము 2, దాని సగము 1. మందలో నాలవవంతు పోఁగా ముప్పాతిక మిగులును. ఆ 1ని, 15ను ముప్పాతికచే భాగింప 4/3, 20 వచ్చును. 4/3 వర్గమగు 16/9ని 20తోఁ గూర్ప 196/9. దాని మూలము 14/3. దానికి 4/3 చేర్ప 6. దీని వర్గము 36 మంద. 9, 12, 15 కలిసి 36 అగుట చూచుకొనవచ్చును. (వైయాకరణులకుఁ బదమనఁగా సుబంతమో తిఙంతమో; గణకులకుఁ బదమన్నను వర్గమూలమే.)

నేఁటి పాఠశాలలలోఁ ద్రోవ వేఱు. మందను యా అనుకొని, 3యా − 60 = 8√యా అని వ్రాసి యిరువైపుల వర్గింతురు. 9యా² − 424యా + 3600 = 0 అగును. దీనికి 36, 100/9 అని రెండు ఫలములు. అందుచేఁ బ్రాచీనులు రెండవదానిని మఱచిరని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆవు భిన్నముగా నుండదు గాన విడిచిరని కొందఱు సమాధానము చెప్పవచ్చును. రెండును సరిగావు. ఆవులకు మాఱు వడ్లకొలఁత యైనను 100/9 చెల్లదు. దానిని మొదటి సమీకరణమున నుంచిన నెడమవైపు −80/3, కుడివైపు 80/3 అగును. వర్గించునపుడు ఋణధనభేద మడఁగిపోవుటచే నీ దొంగఫలము లోనఁ జొచ్చినది. కనుకనే నేఁటి విద్యార్థి ఫలమును మరలఁ బ్రతిక్షేపించి చూడవలసి యున్నది.

మహావీరుఁడు సమీకరణమును వర్గింపలేదు. మూలమునే యజ్ఞాతముగాఁ గొని, కూడికనే విధించెను; దొంగకుఁ దలుపే తెఱవలేదు. అతఁడు రెండు ఫలము లెఱుఁగనివాఁడు కాఁడు. రాశియొక్క రెండంశముల గుణితము వచ్చు వేఱొక జాతి లెక్కలయందుఁ గూడికను, తీసివేఁతను రెంటిని జెప్పి రెండు ఫలములను సాధించెను. 1912లో రంగాచార్యులవారు చెన్నపురిని బ్రకటించిన యాంగ్లానువాదసహిత ముద్రణమున నీ రెండు విధులను బ్రక్కప్రక్కన నుంచి చూడవచ్చును.