మంత్రి బంటుకు ‘ఇండియన్’ జవాబు

ఈ పాఠం చదరంగంలోని ఒక ప్రారంభపు ఎత్తు గురించి, దానికి చెప్పే జవాబు గురించి. ఆట బాగా రాని వారూ దీన్ని చదవవచ్చు. పావుల పేర్లు తెలిస్తే చాలు. ఆ పేర్లలోనే కొంత చరిత్ర ఉంది. మీది బోధన్ వైపు చెరకు పల్లె అయితే, రాజు పక్కనుండే పెద్ద పావును తెలుగు ఇళ్ళలో మంత్రి అనీ, ఉర్దూ, మరాఠీ ఇళ్ళలో వజీర్ అనీ పిలవడం విని ఉంటారు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఇక్కడికి వచ్చి క్యాంపులు కట్టుకున్న కోస్తా రైతులకూ అది మంత్రే. ఇంగ్లీషు పుస్తకాల్లో మాత్రం అది రాణి. పాత ఆటలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. 15వ శతాబ్దం చివర యూరప్‌లో ఆ పావుకు ఇప్పటి బలం వచ్చింది. కాబట్టి ‘క్వీన్స్ పాన్ ఓపెనింగ్’ అని ఎక్కడైనా చదివితే, మంత్రి ముందరి బంటును రెండు గడులు జరిపి డి4లో నిలపడమని అర్థం చేసుకోండి.

ఈ ఎత్తులోని సుగుణం ఏమిటి? రాజు ముందరి బంటును రెండు గడులు తోస్తే దానికి వెనుక కాపు ఉండదు. డి4 బంటుకు మంత్రి కాపు మొదటి నుంచీ ఉంటుంది. తెల్లపావులు ఆ తర్వాత సి4 బంటును కూడా జరిపి బల్ల నడిమి గడులను పట్టుకోజూస్తాయి. దీనికి యూరప్‌లో చాలాకాలం సరైన జవాబుగా చెలామణి అయింది ఒక్కటే: నల్లవారు కూడా తమ మంత్రి బంటును డి5కి తెచ్చి ఎదురుగా నిలబెట్టడం. 1927లో బ్యూనస్ ఎయిర్స్‌లో కాపాబ్లాంకా, అలేఖైన్‌ల మధ్య జరిగిన ప్రపంచ విజేత పోటీలో 34 ఆటలకు 32 ఈ పద్ధతిలోనే సాగాయి. చూసినవారి ఓపికను మెచ్చుకోవాలి!

రెండో జవాబు వేరు. నడిమి గడులను శత్రువుకు ముందు వదిలేసి, దూరం నుంచి వాటిపై గురిపెట్టడం. గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి, అంచు దగ్గరి బంటును ఒక్క గడి జరిపి, ఆ సందులో ఒంటెను (శకటును) జి7లో ఉంచుతారు. ఈ కుటుంబానికే ‘ఇండియన్ డిఫెన్స్’ అని పేరు. మన పేరు ఎందుకు వచ్చింది?

కారణం మన పాత నియమాల్లో ఉంది. దేశీ చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనైనా సాధారణంగా ఒక్క గడే కదిలేది. యూరప్ పద్ధతిలో కోట కట్టడం కూడా లేదు. బంటు ఒక్కో అడుగే వేసే ఆటలో నడిమి గడుల కోసం పరుగు ఉండదు. నెమ్మదిగా పావులను సర్దుకోవడం, అంచు నుంచి ఒంటెకు దారి తీయడం సహజంగా అలవడతాయి.

ఈ అలవాటుతో పెరిగిన ఆటగాడు బెంగాల్‌కు చెందిన మహేశ్‌చంద్ర బెనర్జీ. కలకత్తాలో బారిస్టరుగా ఉన్న స్కాట్లాండ్ ఆటగాడు జాన్ కోక్రేన్‌తో ఆయన 1848 నుంచి వందలాది ఆటలు ఆడాడు. ఎక్కువ ఆటల్లో కోక్రేన్‌దే పైచేయి. అయినా 1855 మే నెలలో ఆడిన ఒక ఆటను మీరు తప్పక చూడాలి. కోక్రేన్ డి4, సి4 ఆడాడు; బెనర్జీ గుర్రం తెచ్చి, జి6 బంటును ఒక్క గడి జరిపాడు. మూడో ఎత్తులో డి5 అంటూ నడిమికి దెబ్బ వేశాడు. ఐదో ఎత్తులో కోట కట్టాడు. ఎనిమిదో ఎత్తులో సి5 బంటుతో మళ్ళీ నడిమినే కొట్టాడు. చివరకు గెలిచింది మాత్రం కోక్రేనే. ఇందులో జి6 ఇంటి ఆట నుంచి వచ్చిన అడుగు. బంటు రెండు గడులు దూకడం, కోట కట్టడం కొత్తగా నేర్చుకున్నవి. రెండు సంప్రదాయాలూ ఒకే ఆటలో కలిసి పనిచేశాయి. నా దృష్టిలో దాని విలువ గెలుపోటముల్లో కంటే ఈ కలయికలోనే ఎక్కువ.

సరిగ్గా ఈ మూడు ఎత్తుల రక్షణకే నేడు ‘గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్’ అని పేరు. ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ 1922లో దీన్ని ఆడి, వియన్నాలో అలేఖైన్‌ను ఓడించాడు. అంటే కలకత్తా ఆటకు 67 ఏళ్ళ తర్వాత. గ్రూన్‌ఫెల్డ్ దొంగిలించాడని దీనర్థం కాదు. ఆయన దాన్ని పోటీల్లో నిలబెట్టాడు. కాని పేరు ఎవరికి దక్కుతుందన్నది ఆట ఎవరు ముందు ఆడారన్న దాన్ని బట్టి కాక, ఎవరి ఆట అచ్చయి చేతులు మారిందన్న దాన్ని బట్టి తేలిందని గమనించండి. బెనర్జీ ఎత్తులు మనకు మిగలడానికీ కారణం అవి కాగితం మీదికి ఎక్కడమే. ‘ఇండియన్’ అన్న మాట 1884 నాటికే వాడుకలో ఉంది. దేశం పేరు నిలిచింది, మనిషి పేరు జారిపోయింది.

పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా దేశీ నియమాల నుంచే వచ్చి 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. నేడు కోనేరు హంపి తెల్లపావులతో ఎక్కువగా డి4నే ఎంచుకుంటుంది. ఆమెకు ఎదురయ్యే జవాబుల్లో ఇండియన్ రక్షణలు తరచు ఉంటాయి.

అరుగుల మీద, చెట్ల కింద ఆడిన ఆటలకు ఇలాంటి రాతలు మిగలవు. మీ వాడకట్టులో బంటును ఒక్క గడే జరిపే పెద్దలెవరైనా ఉంటే వారిని కలవండి. మొదటి ఎత్తు ఎలా వేస్తారు, చివరి గడికి చేరిన బంటు ఏ పావు అవుతుంది అన్నవి అడగండి. వారి నియమాలతోనే ఒక ఆట ఆడి, ప్రతి ఎత్తునూ తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి.